పుట్టి ఎన్ని కిలోలు? కెర్నెల్ గుమ్మం దగ్గర కొలతల పేచీ

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నెల్. మెమరీ, డిస్కు, నెట్‌వర్కు, తెర అన్నీ దాని అధీనంలోనే ఉంటాయి. బయట నడిచే ప్రోగ్రాములు, అది బ్రౌజరైనా బ్యాంకు యాప్ అయినా, వాటిని నేరుగా ముట్టుకోలేవు. ఫైలు తెరవాలన్నా, అందులో నాలుగు అక్షరాలు రాయాలన్నా కెర్నెల్‌ను అడగాల్సిందే. ఇలా అడగడాన్ని సిస్టమ్ కాల్ అంటారు. ఏ పనికి ఏ నంబరు చెప్పాలి, వివరాలు ఏ వరసలో ఎన్ని బైట్లలో ఇవ్వాలి, పని జరగకపోతే ఏ అంకె తిరిగొస్తుంది అన్న ఒప్పందమంతా కొన్ని చిన్న ఫైళ్లలో రాసి ఉంటుంది. వాటినే హెడర్ ఫైళ్లు అంటారు. లినక్స్ కెర్నెల్‌లో వీటి సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే ఆ కెర్నెల్ ఒక్క జాతి ప్రాసెసర్ మీద కాదు, పదులకొద్దీ జాతుల మీద నడుస్తుంది. కృష్ణా నది ఒడ్డున పెనుమూడిలో ఒకరి చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. ఆ ఫోన్ అడిగిన సమాచారం ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి వస్తుంది. ఆ సర్వర్‌లో ఉండేది చాలావరకు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ చేసిన ఎక్స్86-64. రెండింటిలోనూ లోపల ఉన్నది లినక్సే.

హెడర్ ఫైలుకు ఒక విచిత్ర గుణం ఉంది. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడు కంపైలర్ దాన్ని ఒక్కసారి చదువుతుంది, అందులోని అంకెలను, కొలతలను ప్రోగ్రాములో అచ్చు గుద్దేస్తుంది. ఆ తరవాత ఆ ప్రోగ్రాముకు హెడర్‌తో పనిలేదు. రేపు ఎవరైనా హెడర్‌లో అంకె మారిస్తే, నిన్న తయారైన ప్రోగ్రాముకు ఆ కబురు అందదు. రోడ్ల నంబర్ల సంగతి అలా కాదు. రేపల్లె, పెనుమూడి మీదుగా సాగే జాతీయ రహదారి ఒకప్పుడు 214ఏ. 2010లో దేశమంతటా రోడ్లకు కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు అది 216లో కలిసింది. బోర్డులు మారాయి, డ్రైవర్లు చదువుకున్నారు, లారీలు ఆగలేదు. ప్రోగ్రాములు బోర్డులు చదవవు. అందుకే ఒకసారి బయటికిచ్చిన నంబరును వెనక్కి తీసుకోకూడదన్నది లినక్స్‌లో దాదాపు మత నియమం. పాత ప్రోగ్రాము కొత్త కెర్నెల్ మీద నడవకపోతే తప్పు ప్రోగ్రాముది కాదు, కెర్నెల్‌దే అన్నది లినస్ టోర్వాల్డ్స్ మొదటినుంచీ పట్టుబట్టిన మాట. పాత ప్రోగ్రాము రాసినవాడు తప్పు చేసినా సరే!

ఈ నియమం ఒక్క ప్రాసెసర్‌కైతే కాస్త కష్టం. ఇరవై ప్రాసెసర్లకైతే ఇరవై రకాల చరిత్రలను మోయాలి.

నంబర్ల సంగతే చూస్తే, సిస్టమ్ కాల్ నంబర్లు ఊరి సర్వే నంబర్ల లాంటివి. కృష్ణకు ఇవతల పెనుమూడిలో 64వ నంబరు పొలం ఒకటైతే, వంతెన దాటి పులిగడ్డలో అదే నంబరు పొలం ఇంకొకటి. దస్తావేజులో ఊరి పేరు లేకుండా నంబరు ఒక్కటే రాస్తే దానికి విలువ లేదు. లినక్స్‌లోనూ అంతే. 64-బిట్ ఆర్మ్‌లో 64వ నంబరు అంటే ఫైలులో రాయడం. ఎక్స్86-64లో అదే నంబరు సెమఫోర్‌ను తీసుకొనే పని. పాత 32-బిట్ ఇంటెల్‌లో తల్లి ప్రాసెస్ నంబరు అడగడం. ఫైలులో రాసే పనికి 32-బిట్ ఇంటెల్‌లో నంబరు 4, ఎక్స్86-64లో 1, మిప్స్ 32-బిట్‌లో 4004. ప్రోగ్రామర్ సాధారణంగా పేరే రాస్తాడు, నంబరు హెడర్ చూసుకుంటుంది కాబట్టి గొడవ లేదు. పేరును నమ్ముకోకుండా అంకెను చేత్తో రాసుకున్న ప్రోగ్రాము మాత్రం వేరే ప్రాసెసర్ మీదికి వెళ్లిన రోజున ఇంకేదో పని చేసి కూర్చుంటుంది.

ఇన్ని తేడాలు ఎవరూ కావాలని పెట్టినవి కావు. లినక్స్ 1991లో ఇంటెల్ 386 మీద పుట్టింది. తరవాత డిజిటల్ సంస్థ చేసిన ఆల్ఫాకు, సన్ సంస్థ స్పార్క్‌కు, మిప్స్‌కు చేరింది. 1995 మార్చిలో విడుదలైన 1.2 కెర్నెల్ నాటికి ఈ మూడూ అందులో ఉన్నాయి. కొత్త ఊరికి కాపురం వెళ్లినప్పుడు అక్కడ పాత ఇళ్లుంటాయి కదా! ఆల్ఫా మీద డిజిటల్ వారి ఓఎస్ఎఫ్/1, స్పార్క్ మీద సన్‌ఓఎస్, మిప్స్ మీద ఐరిక్స్ అప్పటికే ఉన్నాయి. వాటి కోసం తయారైన ప్రోగ్రాములు లినక్స్ మీదా నడిస్తే బాగుంటుందని, అక్కడి నంబర్లనే లినక్స్ చాలావరకు తీసుకుంది. ఆనాటికి అది తెలివైన పని. ఆ మూడు సిస్టమ్‌లూ తెరమరుగయ్యాయి, వాటి నంబర్లు మాత్రం లినక్స్ హెడర్లలో అలాగే ఉన్నాయి.

తప్పుల సంకేతాల్లో ఈ పాత వాసన ఇంకా బాగా తెలుస్తుంది. ఏదైనా పని ఇప్పుడు కుదరదు, మళ్లీ అడుగు అని చెప్పడానికి మామూలుగా లినక్స్ ఇచ్చే అంకె 11. రెండు ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోయే పరిస్థితికి అంకె 35. ఆల్ఫాలో ఇవి సరిగ్గా తారుమారు: 35 అంటే మళ్లీ అడుగు, 11 అంటే బిగుసుకుపోయింది. అడిగిన సిస్టమ్ కాల్ అసలు లేనే లేదని చెప్పే అంకె మామూలుగా 38, ఆల్ఫాలో 78, మిప్స్‌లో 89, స్పార్క్‌లో 90, హెచ్‌పీ వారి పీఏ-రిస్క్‌లో 251. ఒక ప్రోగ్రామ్ ఈ అంకెను నెట్‌వర్కు గుండా మరో యంత్రానికి పంపి, అక్కడివారు తమ హెడర్ ప్రకారం అర్థం చెప్పుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. సిగ్నళ్ల నంబర్లదీ, ఫైలు తెరిచేటప్పుడు ఇచ్చే సూచనలదీ ఇదే కథ.

అంకెల తేడా పైకి కనిపిస్తుంది కాబట్టి అది అంత ప్రమాదం కాదు. కనిపించనిది కొలతల తేడా.

ధాన్యం కొలిచే పుట్టి అందరికీ తెలిసిన మాటే. నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టి లెక్క వేరు. ధాన్యం బేరాలు ఎక్కువగా 75 కిలోల బస్తాల్లోనే సాగుతాయి. రెండు ప్రాంతాల వ్యాపారులు ‘పది పుట్లు’ అని కాగితం రాసుకుంటే ఇద్దరూ నిజమే రాసినట్టు, ఇద్దరి లెక్కా తేడా వచ్చినట్టు. సి భాషలో ‘లాంగ్’ అనే మాట అచ్చంగా పుట్టి లాంటిది. 32-బిట్ లినక్స్‌లో లాంగ్ అంటే 4 బైట్లు, 64-బిట్‌లో 8 బైట్లు. మెమరీలో చోటును సూచించే పాయింటర్ కూడా అంతే. ఇలాంటి మాటలతో కెర్నెల్‌కూ ప్రోగ్రాముకూ మధ్య ఒప్పందం రాస్తే, ఒకే కాగితం ఒక్కో ఊళ్లో ఒక్కో బరువు తూగుతుంది.

32-బిట్ యంత్రంలో అన్నీ 32-బిట్టే అయితే ఏం బాధ అని అడగవచ్చు. చిక్కంతా 64-బిట్ కెర్నెల్ మీద 32-బిట్ ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వస్తుంది. ఇది అరుదైన సంగతి కాదు. ఆండ్రాయిడ్ 2014లో 5.0 విడుదలతో 64-బిట్‌లోకి అడుగుపెట్టినా, ప్లే స్టోర్‌లో పెట్టే యాప్‌లకు 64-బిట్ రూపం తప్పనిసరి అయినది 2019 ఆగస్టులో. మధ్యలో అన్నేళ్లూ లక్షల ఫోన్లలో 64-బిట్ కెర్నెల్, 32-బిట్ యాప్‌లు పక్కపక్కనే కాపురం చేశాయి. ఒకరు లాంగ్ అంటే నాలుగు అనుకుంటారు, ఒకరు ఎనిమిది అనుకుంటారు. అందుకే కెర్నెల్ లోపల ఒక దుబాసీ ఉంటాడు. 32-బిట్ ప్రోగ్రాము ఇచ్చిన కాగితాన్ని 64-బిట్ కొలతల్లోకి మార్చి లోపలికి పంపడం, జవాబును మళ్లీ చిన్న కొలతల్లోకి మార్చి ఇవ్వడం అతని పని. ఈ దుబాసీ పొరకు కంపాట్ అని పేరు. ఎంత తక్కువ దుబాసీతనం అవసరమైతే హెడర్ అంత బాగా రాసినట్టు.

కిలోల్లో రాస్తే పుట్టి గొడవ ఉండదు. కెర్నెల్ వాళ్లు కూడా అదే చేశారు. హెడర్లలో లాంగ్, ఇంట్ బదులు యూ32, యూ64 వంటి పేర్లు వాడాలన్నారు. మొదటిది ఎక్కడైనా 4 బైట్లే, రెండోది ఎక్కడైనా 8 బైట్లే. ఇది పాటిస్తే చాలని కొత్తవాళ్లు అనుకుంటారు. చాలదు.

ప్రాసెసర్లకు తమవైన అలవాట్లున్నాయి. 8 బైట్ల అంకెను మెమరీలో ఎక్కడపడితే అక్కడ కాక, 8తో భాగించగలిగే చోట పెట్టాలన్నది ఎక్కువ ప్రాసెసర్ల నియమం. పాత 32-బిట్ ఇంటెల్ లెక్కలో మాత్రం 4తో భాగించగలిగితే చాలు. కొన్ని వివరాలను ఒక్కచోట కలిపి పెట్టే నిర్మాణం (స్ట్రక్ట్) ఒకదానిలో ముందు 4 బైట్ల అంకె, వెనకాల 8 బైట్ల అంకె ఉందనుకుంటే 32-బిట్ ఇంటెల్‌లో అది 12 బైట్లు. ఎక్స్86-64లోనూ, 32-బిట్ ఆర్మ్‌లోనూ మధ్యలో 4 బైట్ల ఖాళీ చేరి 16 అవుతుంది. కోడ్ రాసినవాడు ఆ ఖాళీ పెట్టలేదు, కంపైలర్ పెట్టింది. బస్తాలు లారీకెత్తేటప్పుడు వరసకూ వరసకూ మధ్య చేరే సందులాంటిదది. లెక్కలో ఉండదు, లారీ మాత్రం నిండుతుంది.

పరికరాలతో మాట్లాడే ఐఓసీటీఎల్ అనే కాల్ విషయంలో ఈ సందు ఇంకో పేచీ పెడుతుంది. ఆ ఆదేశపు అంకెలోనే పంపే నిర్మాణపు సైజు కూడా ఇమిడి ఉంటుంది. ఎక్కువ ప్రాసెసర్లలో దానికి 14 బిట్లు, ఆల్ఫా, మిప్స్, పవర్‌పీసీల్లో 13 బిట్లు. 12 బైట్లు 16 అయితే ఆదేశపు నంబరే మారిపోతుంది. కెర్నెల్ తనకు తెలియని ఆదేశం వచ్చిందని తిప్పి పంపుతుంది. నిజానికి ఇది మేలే. నోరు మూసుకొని తప్పు చదవడం కన్నా తలుపు దగ్గర ఆపేయడం నయం.

అలా తలుపు దగ్గర ఆగని తప్పుకు 2012 నాటి ఆటోఎఫ్ఎస్ కథ చక్కటి ఉదాహరణ. ఎవరైనా అడిగినప్పుడే డిస్కును లేదా నెట్‌వర్కు ఫోల్డర్‌ను తగిలించే ఏర్పాటు ఆటోఎఫ్ఎస్. ఫలానా ఫోల్డర్ కావాలట అని కెర్నెల్ ఒక చీటీ రాసి పైపులో వేస్తుంది, బయట కాచుకున్న ప్రోగ్రాము దాన్ని చదివి పని చేస్తుంది. ఆ చీటీలోని అంశాలన్నీ కూడితే 300 బైట్లు. అందులో ఒక 8 బైట్ల అంకె ఉంది కాబట్టి ఎక్స్86-64లో మొత్తం సైజు 8తో భాగించబడాలి. 300 భాగించబడదు, 304 భాగించబడుతుంది. కంపైలర్ చివర 4 బైట్లు తగిలించింది. 32-బిట్ ఇంటెల్‌లో 4తో భాగించబడితే చాలు, 300 అలాగే ఉండిపోయింది. హెడర్‌లో అక్షరం తేడా లేదు, చీటీ మాత్రం రెండు సైజులు.

64-బిట్ కెర్నెల్ 304 బైట్ల చీటీ వేస్తుంది. 32-బిట్ ప్రోగ్రామ్ 300 చదువుకొని ఊరుకుంటుంది. మిగిలిన 4 బైట్లు పైపులోనే ఉండి తరవాతి చీటీకి తలకాయగా అంటుకుంటాయి. అక్కడినుంచి అంతా అడ్డదిడ్డం. ఆటోమౌంట్ అనే పాత ప్రోగ్రామ్ రాసినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. వాళ్లు కెర్నెల్ ఏ రకమో ముందే కనుక్కొని, అవసరమైతే 304 చదివేలా సర్దుకున్నారు. కెర్నెల్ వాళ్లతో గట్టిగా చెప్పి హెడర్ సరిచేయించకుండా తమ ఇంట్లోనే సర్దుకోవడం మన అపార్ట్‌మెంట్లలో నీటి లీకేజీకి బకెట్ పెట్టడం లాంటిది. తరవాత అదే పని చేయగల సిస్టమ్‌డీ అనే ప్రోగ్రామ్ వచ్చింది. దానికి ఈ పాత రహస్యం తెలియదు, హెడర్‌లో ఉన్నట్టే 300 చదివింది, ఇరుక్కుపోయింది.

కెర్నెల్‌ను సరిచేశారు: 32-బిట్ ప్రోగ్రాముకు ఇకమీదట 300 బైట్లే పంపాలి. సిస్టమ్‌డీ బాగుపడింది. ఆటోమౌంట్ ఆగిపోయింది, ఎందుకంటే అది 304 కోసం ఎదురుచూస్తోంది. న్యాయంగా చూస్తే కెర్నెల్ చేసినది సరైన పనే. కానీ నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ ఈ రోజు నడవడం లేదు కాబట్టి నియమం ప్రకారం తప్పు కెర్నెల్‌దే. ఆ సవరణను వెనక్కి తీసుకున్నారు. చివరికి టోర్వాల్డ్స్ పైపు స్వభావాన్నే మార్చే ఉపాయం వేశారు. పైపులో వేసిన ప్రతి చీటీనీ విడి పొట్లంగా ఉంచాలి. చదివేవాడు 300 అడిగితే 300 ఇచ్చి మిగిలినది పారేయాలి, 304 అడిగితే అంతా ఇవ్వాలి. 2012 మేలో వచ్చిన 3.4 కెర్నెల్‌లో ఇది చేరింది. ఈ పొట్లాల పైపు అందరికీ అందుబాటులోకి వచ్చింది, ఈనాటికీ ఉంది. మొదట్లోనే ఆ నిర్మాణం చివర ‘ఇక్కడ 4 బైట్లు ఖాళీ’ అని ఒక్క వరస రాసి ఉంటే ఇంత తతంగం జరిగేది కాదు. ఇప్పుడు కెర్నెల్‌కు కొత్త నిర్మాణం పంపేవారికి పెద్దలు చెప్పే మొదటి సలహా అదే: ఖాళీ ఉంటే దాన్ని పేరు పెట్టి రాయండి, కంపైలర్‌కు వదలకండి.

కాల్‌కు ఇచ్చే వివరాల వరస కూడా ప్రాసెసర్‌ను బట్టి మారక తప్పని సందర్భాలున్నాయి. 32-బిట్ ఆర్మ్‌లో 8 బైట్ల అంకెను రెండు రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న గదుల) జంటలో పెట్టాలి, ఆ జంట సరిసంఖ్య రిజిస్టర్‌తోనే మొదలవ్వాలి. ఫైలును ఎలా వాడబోతున్నామో కెర్నెల్‌కు సలహా ఇచ్చే కాల్‌లో ఫైలు, మొదలు, పొడవు, సలహా అనే నాలుగు వివరాలు అదే వరసలో ఇస్తే మధ్యలో ఒక రిజిస్టర్ వృథా అయి, ఆరు రిజిస్టర్లలో పట్టాల్సినవాటికి ఏడు కావాల్సి వస్తుంది. సలహాను ముందుకు జరిపితే సరిగ్గా ఆరింటిలో సర్దుకుంటాయి. అందుకని ఆర్మ్‌లో ఆ కాల్‌కు వరస వేరు. కొత్త ప్రాసెస్‌ను పుట్టించే క్లోన్ కాల్‌కైతే లినక్స్‌లో నాలుగు వరసలున్నాయి. వాటన్నిటికీ ఇలాంటి సమర్థన కూడా దొరకదు.

ఇన్ని తేడాలున్న హెడర్లను ప్రోగ్రామర్ల చేతికి చేర్చడం కూడా చాలాకాలం గందరగోళంగానే సాగింది. కెర్నెల్ లోపలివాళ్లు వాడుకొనే మాటలు, బయటివాళ్లకు ఇచ్చిన మాట, రెండూ ఒకే ఫైలులో కలిసి ఉండేవి. ఇది కెర్నెల్‌కు మాత్రమే అని అక్కడక్కడ గీతలు గీసి వేరుచేసేవారు. ఆ గీతల మధ్యనుంచి లోపలి సంగతులు బయటికి జారేవి, ప్రోగ్రాములు వాటిని వాడేసేవి. 2.6 కెర్నెల్ తొలి రోజుల్లో మారియుష్ మజుర్ అనే ప్రోగ్రామర్ ఈ హెడర్లను శుభ్రం చేసి విడిగా విడుదల చేస్తుండేవాడు, చాలా లినక్స్ పంపిణీలు (డిస్ట్రిబ్యూషన్లు) వాటిమీదే ఆధారపడ్డాయి. ఒకరి ఓపిక మీద నడిచే ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది? 2006లో 2.6.18 కెర్నెల్‌తో, బయటికివ్వాల్సిన భాగాన్ని కెర్నెలే వడగట్టి ఇచ్చే ఆదేశం వచ్చింది.

పూర్తి ఇల్లు సర్దడం 2012 డిసెంబరులో వచ్చిన 3.7తో జరిగింది. డేవిడ్ హోవెల్స్ వందల హెడర్లను రెండుగా చీల్చారు. బయటివాళ్లకు ఇచ్చిన మాటంతా యూఏపీఐ అనే ఫోల్డర్‌లోకి చేరింది, మిగతాది లోపలే ఉండిపోయింది. అప్పటినుంచి ఆ ఫోల్డర్‌లో ఎవరు చెయ్యి పెట్టినా పదిమంది కళ్లు అటు తిరుగుతాయి. ఈ ఒక్క విభజన చేసిన మేలు పదేళ్ల హెచ్చరికలు చేయలేకపోయాయి. ఆండ్రాయిడ్ కూడా తన సి లైబ్రరీ అయిన బయోనిక్ కోసం ఈ యూఏపీఐ హెడర్లనే తీసుకొని, తన స్క్రిప్టుతో శుభ్రం చేసుకొని వాడుతుంది.

అదే 3.7లో 64-బిట్ ఆర్మ్ కూడా కెర్నెల్‌లో అడుగుపెట్టింది. ఆల్ఫా, మిప్స్‌ల మాదిరి దానికి పాత ఇంటి సామాను ఏమీ లేదు. దానికి మూడేళ్ల ముందే, 2009లో, ఆర్ండ్ బెర్గ్‌మన్ కొత్తగా వచ్చే ప్రాసెసర్లన్నిటికీ ఉమ్మడిగా పనికొచ్చే హెడర్ల సెట్టు తయారుచేసి పెట్టారు. పాతబడిన కాల్స్‌ను వదిలేసి, పనికొచ్చేవాటికే నంబర్లిచ్చిన పట్టిక అది. 64-బిట్ ఆర్మ్ దాన్నే తీసుకుంది. 2018 జనవరిలో 4.15 కెర్నెల్‌తో వచ్చిన రిస్క్-ఫైవ్ దాన్నే తీసుకుంది. అందుకే ఈ రెండింటిలోనూ ఫైలులో రాయడానికి నంబరు 64, చదవడానికి 63. ఐఐటీ మద్రాసు వారి శక్తి, సీ-డాక్ వారి వేగ ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ కుటుంబానివే. వాటి మీద లినక్స్ నడపాలంటే కొత్తగా నంబర్ల పంచాయితీ పెట్టుకోనక్కరలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు దక్కిన అదృష్టమిది.

పాతవాళ్లను వదిలేయలేదు. 2019 మేలో విడుదలైన 5.1 కెర్నెల్ నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఇకమీద వచ్చే ప్రతి కొత్త కాల్‌కూ అన్ని ప్రాసెసర్లలో ఒకే నంబరు, 424తో మొదలు. ఆనాటికి ఎక్స్86-64 పట్టిక 334 దగ్గర ఉంది. అక్కడినుంచి ఒక్కసారిగా 424కు దూకింది. 425 అంటే ఐఓ-యూరింగ్ అనే ఏర్పాటును సిద్ధం చేయడం, అది ఫోన్‌లోనైనా సర్వర్‌లోనైనా అంతే. ఆల్ఫా మాత్రం తన పాత పట్టిక పొడవు వల్ల 110 కలుపుకొని 534 దగ్గర మొదలుపెడుతుంది. మిప్స్ ఎప్పటిలాగే ఆ అంకెకు తన వేలను కలుపుకుంటుంది. ఊరికో సర్వే నంబరు పోయి రాష్ట్రమంతా ఒకే వరస వచ్చినట్టు అనుకోవచ్చు, కొత్త పొలాలకు మాత్రమే.

కొలతల్లోనూ అదే దారి పట్టారు. ఫైలు వివరాలిచ్చే పాత స్టాట్ నిర్మాణం ఎక్స్86-64లో 144 బైట్లు, 64-బిట్ ఆర్మ్‌లో 128 బైట్లు. లోపలి వరస కూడా ఒకటి కాదు. దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, 2017లో 4.11 కెర్నెల్‌తో స్టాట్‌ఎక్స్ అనే కొత్త కాల్ తెచ్చారు. అది ఎక్కడైనా 256 బైట్లే, రేపటి అవసరాలకు అందులోనే చోటు వదిలారు. నాలుగు వరసల క్లోన్ స్థానంలో 2019లో క్లోన్3 వచ్చింది. అందులో వివరాలను రిజిస్టర్లలో కాక ఒక నిర్మాణంలో పెట్టి, ఆ నిర్మాణం ఎన్ని బైట్లో కూడా చెప్పాలి. రేపు నిర్మాణం పెరిగినా, పాత ప్రోగ్రామ్ తక్కువ సైజు చెబుతుంది కాబట్టి మిగిలినది సున్నాలని కెర్నెల్ అర్థం చేసుకుంటుంది. పది పుట్లు అనడం మాని, పది పుట్లు, పుట్టికి ఇన్ని కిలోలు అని కాగితం మీదే రాసుకోవడమన్నమాట.

ఏ ప్రాసెసర్‌లోనూ తేడా రాని అంకెలూ కొన్నున్నాయి. ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదన్నది అందులో ఒకటి. తెలుగు అక్షర సంకేతాలు యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి, గుణింతపు గుర్తులు కూడా విడి సంకేతాలే. కాబట్టి అచ్చ తెలుగు ఫైలు పేరు 85 సంకేతాలతో ఆగిపోతుంది. పెద్ద అంకెలను ఎటువైపు నుంచి పేర్చాలన్న విషయంలో ప్రాసెసర్లు రెండు ముఠాలుగా చీలినా యూటీఎఫ్-8కు ఆ బాధ లేదు, బైటు తరవాత బైటు ఎక్కడైనా అదే వరస. ఫోన్‌లో రాసిన తెలుగు సర్వర్‌లో తలకిందులు కాకపోవడానికి కారణం ఇదే.

అన్ని ప్రాసెసర్లనూ ఒకేసారి పట్టి కుదిపిన పని కాలం లెక్క. యూనిక్స్ సంప్రదాయంలో కాలాన్ని 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లలో కొలుస్తారు. 32-బిట్ లినక్స్‌లో ఆ అంకె లాంగ్, అంటే 4 బైట్లు. అందులో పట్టే పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. సెకన్లు ఆ సంఖ్యను దాటితే లెక్క తప్పుతుంది. హెడర్‌లో 8 బైట్లు చేసేస్తే పోదా అంటే, పాత ప్రోగ్రాములన్నీ 4 బైట్ల చోటు మాత్రమే ఉంచుకొని కూర్చున్నాయి. అందుకే పాత కాల్స్‌ను అలాగే ఉంచి, వాటి పక్కనే 64-బిట్ కాలంతో కొత్త కాల్స్ పెట్టారు. 5.1లో అవి వచ్చాయి, 2020 మార్చిలో వచ్చిన 5.6 నాటికి 32-బిట్ కెర్నెల్ వైపు పని దాదాపు ముగిసింది. 2021 ఆగస్టులో వచ్చిన సి లైబ్రరీ జీలిబ్‌సీ 2.34, 64-బిట్ కాలాన్ని ఎంచుకొనే వీలును ప్రోగ్రామర్‌కు ఇచ్చింది. 2025 ఆగస్టులో విడుదలైన లినక్స్ పంపిణీ డెబియన్ 13లో 32-బిట్ ఆర్మ్ ప్యాకేజీలన్నీ 64-బిట్ కాలానికి మారాయి. 32-బిట్ ఇంటెల్‌ను మాత్రం మార్చకుండా వదిలారు. ఆ ప్రాసెసర్ కోసం జనం ఇప్పటికీ దాచుకున్నవి ఎక్కువగా మళ్లీ కంపైల్ చేయడానికి వీల్లేని పాత ప్రోగ్రాములే. వాటికి కొలత మారిస్తే పనికిరాకుండా పోతాయి. అనుకూలత నిలబెట్టడానికే గడువును నెత్తిన పెట్టుకున్నారు.

ఆ 4 బైట్ల గడియారం భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండుతుంది.